బుట్టలో పడ్డ ప్రతి ఈగా డోర్సాలిస్ కాదు బాబూ!

మామిడి సీజన్ మొదలైతే చాలు, ఎర బుట్టలో చచ్చిపడ్డ పండు ఈగల కుప్ప ఫొటో తీసి "బాక్ట్రోసెరా డోర్సాలిస్, వైజాగ్" అని ఒక జాతి పేరు పెట్టేస్తున్నారు. ఎలా తేల్చారయ్యా అంటే "మిథైల్ యూజినాల్ పెట్టాం కదా" అంటారు, అంటే మగ ఈగల్ని లాగే వాసన ఎర. ఆ వాసనకి దాని చుట్టాలైన జొనేటా, కరెక్టా జాతుల మగ ఈగలు కూడా ఎగబడి వస్తాయి. ఎరను బట్టి పేరు పెట్టడమేంటసలు?

ముందు మొహం చూడండి. పది రెట్ల లెన్సు చాలు. మీసాల కింద రెండు నల్ల చుక్కలు కలిసిపోయి అడ్డగీతలా ఉంటే కరెక్టా. విడివిడిగా గుండ్రంగా ఉంటే రెక్క చూడాలి. ముందంచు వెంబడి సన్నటి గోధుమ పట్టీ కొసదాకా తెగకుండా పోతే డోర్సాలిస్ బాపతు. మధ్యలో తెగి, కొసన చిన్న మచ్చే మిగిలితే జొనేటా. పట్టీ తెగకపోయినా పని అయిపోలేదు, దక్షిణాదిలో కేరియే అనే దగ్గరి చుట్టం ఉంది. దానికి తొడ మీద నల్ల మచ్చ ఉందేమో చూసుకోవాలి.

వీపు రంగును మాత్రం నమ్మొద్దు. ఒక్క డోర్సాలిస్‌లోనే నలుపు నుంచి ఎర్ర గోధుమ దాకా ఉంటుంది. ఆఫ్రికాలో దొరికిన ఇలాంటి ఈగకి 2005లో ఇన్వాడెన్స్ అని వేరే జాతి పేరు పెట్టి, 2015లో తిరిగి డోర్సాలిస్‌లో కలిపేశారు. కేరంబోలే అనే ఇంకో చుట్టాన్ని మాత్రం వేరు జాతిగానే ఉంచారు, అది అండమాన్‌లో ఉంది. డోర్సాలిస్‌నీ కేరంబోలేనీ విడదీయడానికి ఒక్క సీఓఐ బార్‌కోడ్‌ని, అంటే జాతి గుర్తింపుకి చదివే చిన్న డీఎన్‌ఏ ముక్కని, నమ్ముకుంటే కుదరదు. ఆడ ఈగల్ని కూడా చూస్తే మంచిది. బుట్టలో పడేవి మగవేనాయె!

అందుకే పురుగుపట్టిన కాయల్ని ఇసుక మీద పెట్టి, పైన గుడ్డ కట్టండి. ఈగలు బయటికి రాగానే చంపేయకుండా పంచదార, నీళ్లు పెట్టి నాలుగైదు రోజులు బతకనివ్వండి. అప్పటికి గానీ రంగు తేలదు. పాలిపోయిన పసి ఈగను చూసి కొత్త జాతి అని ఎగిరి గంతేసేవాళ్లకి కొదవలేదు. ఆల్కహాల్‌లో వేస్తే పసుపు చారలు వెలిసిపోతాయి కాబట్టి రంగులు ముందే రాసుకోండి. మన సముద్రపు తేమకి బుట్టలో వారం ఉంచితే బూజే, రెండు మూడు రోజులకోసారి తీసేయాలి.

ఇంకో విడ్డూరం, కాకర పందిరికీ మిథైల్ యూజినాలే కట్టి "ఈగ లేదు" అనుకోవడం. అక్కడ ఉండేది కుకుర్బిటే అనే వేరే జాతి, వీపు మీద మూడు పసుపు చారలుంటాయి. దాని మగ ఈగలు వచ్చేది క్యూల్యూర్ అనే వేరే ఎరకి. పాత లేబుళ్లలో దాని ఇంటిపేరు బాక్ట్రోసెరాగా ఉంటుంది, ఇప్పుడు జూగోడాకస్. లెక్క కట్టేటప్పుడు రెండు పేర్లనీ రెండు జాతులుగా కూడేయకండి.