ఆరో వేలు

రాజ్యాంగంలో ఉపరాష్ట్రపతి ఉన్నారు, శాసనసభకు ఉప సభాపతి ఉన్నారు. ఉప ముఖ్యమంత్రి కోసం 163, 164 అధికరణాలు కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికాను. లేరు. ముఖ్యమంత్రి, మిగతా మంత్రులు, అంతే. రాజ్యాంగ సభ మూడేళ్లపాటు కూర్చున్నా తట్టని ఈ పదవిని కనిపెట్టిన ఘనత అలిగే నాయకులదీ, బుజ్జగించే నాయకులదీ.

ఈ విద్యలో తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోం. 1953లో ఆంధ్ర రాష్ట్రం పుడుతూనే ఉప ముఖ్యమంత్రితో పుట్టింది: ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉప. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినా సంజీవరెడ్డి మళ్లీ ఉపే. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో, ముఖ్యమంత్రి ఆంధ్ర వారైతే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ వారు కావాలని రాసుకున్నారు. ఆ నవంబరులో సంజీవరెడ్డే ముఖ్యమంత్రి అయ్యారు. ఉప ముఖ్యమంత్రి పదవి ఆరో వేలు లాంటిది, అక్కర్లేదు అన్నారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండుసార్లు తానే ఆ వేలుగా ఉన్న మనిషి కదా, స్వానుభవం కాబోలు.

ఆ తర్వాత కూడా వేళ్లు మొలుస్తూనే ఉన్నాయి. 2014లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇద్దరేసి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా ఐదుగురు. అది ఆరో వేలు కాదు, రెండో చెయ్యి.

ఇంతకీ ఆ పదవికి పనేమిటి? ముఖ్యమంత్రి ఊళ్లో లేనంత మాత్రాన కుర్చీ దానంతటదే ఉప వారి కిందికి రాదు. చేతిలో శాఖ ఉంటే ఆ శాఖ ఫైళ్లు చూస్తారు, అదీ మంత్రి హోదాలోనే. బోర్డు మీద మాత్రం ఒక పదం ఎక్కువ. దీన్ని రద్దు చేయమని ఒక పార్టీ సుప్రీంకోర్టుకు వెళితే, 2024 ఫిబ్రవరిలో పిటిషన్ కొట్టేశారు. ఉప ముఖ్యమంత్రి కూడా మంత్రే, ఆ పేరు పెట్టుకోవడం రాజ్యాంగ విరుద్ధం కాదన్నారు. పేరుకే పదవి అని ఊళ్లో అంటే వెక్కిరింత, కోర్టు అంటే తీర్పు.

కనుక నాదో విన్నపం. 2003 నాటి 91వ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. 175 మంది ఉన్న సభలో 26. మంత్రులకైతే లెక్క కట్టారు గానీ, రాజ్యాంగంలో లేని పదవికి లెక్కెక్కడిది? ముఖ్యమంత్రి పోగా మిగిలిన 25 మందినీ ఉప ముఖ్యమంత్రులను చేసేస్తే అలకలుండవు, టెన్షనుండదు. కాకపోతే నెల తిరక్కుండానే ఎవరో ఒకరు అలిగి, ఉప ముఖ్యమంత్రులు ఊరంతా ఉన్నారు, నన్ను ఉత్త మంత్రిని చేయండని పట్టుబడతారు.