చంద్రుణ్ణి నెల రోజులు చూడాల్సిందేనా?

డిగ్రీలో ఖగోళశాస్త్రం మొదటి కోర్సుకి నియమాల పత్రం తయారవుతోంది. సైన్స్ వాళ్లూ, సాహిత్యం వాళ్లూ, కామర్స్ వాళ్లూ పక్కపక్కన కూర్చొని చదివే కోర్సు ఇది. వాళ్లలో చాలామంది జీవితంలో చదివే ఆఖరి సైన్స్ కోర్సు కూడా ఇదే. ముసాయిదా రాసింది ఖగోళం చెప్పే మాస్టారు. దాని నిండా ఎర్ర గీతలు పెట్టింది గణితం చెప్పే మేడం. నా మనసు మాస్టారి వైపే ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అయినా మేడం అడిగినవాటిలో కొన్ని నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మేడం: మీ పత్రం చదివాను మాస్టారూ. గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా, మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా రాశారు. గణితం ముందుగా చదివి ఉండనక్కర్లేదన్నారు. హాజరుకి మార్కుల్లేవన్నారు. క్విజ్‌లలో బాగా తక్కువ వచ్చినవి రెండు లెక్కలోంచి తీసేస్తామన్నారు. పరీక్ష హాల్లో ఫార్ములా షీట్ ఇస్తామన్నారు. ఇన్ని సడలింపులిచ్చి, చివర మాత్రం ‘చంద్రుణ్ణి 30 రోజులు గమనించి నోట్‌బుక్ రాయనివాళ్లు పాస్ కారు, ఆలస్యంగా ఇస్తే తీసుకోం’ అన్నారు. ఇదేం న్యాయం?

మాస్టారు: తెలిసే రాశాను మేడం. క్విజ్ పోతే ఇంకో క్విజ్ పెట్టగలను. క్లాసుకి రాకపోతే పాఠం మళ్లీ చెప్పగలను. నిన్న రాత్రి ఆకాశాన్ని మాత్రం మళ్లీ తెచ్చివ్వలేను.

మేడం: ముందు గణితం సంగతి తేల్చండి. గ్రహం దూరానికీ, అది సూర్యుణ్ణి చుట్టే కాలానికీ లంకె చెప్పే కెప్లర్ మూడో నియమాన్ని లెక్కలు రానివాళ్లకి ఏం చెబుతారు?

మాస్టారు: ఎన్ని లెక్కలు కావాలి దానికి? సూర్యుడి నుంచి మనకున్న దూరం ఒకటి అనుకుంటే గురుగ్రహం 5.2 దూరంలో ఉంది. 5.2 ని మూడుసార్లు వేసి గుణిస్తే 140.6. ఏ సంఖ్యని దానితోనే గుణిస్తే అంత వస్తుంది? 11.86. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి అన్ని ఏళ్లు పడుతుంది. గుణకారం వస్తే చాలు.

మేడం: మరి నక్షత్రాలు ఎంత వెలుగుతో కనిపిస్తాయో చెప్పే ప్రకాశ తరగతులు? రెట్లని మెట్లుగా లెక్కపెట్టే లాగరిథమ్ లేకుండా ఎలా చెబుతారు?

మాస్టారు: చెప్పను. సిలబస్‌లోంచి తీసేశాను.

మేడం: తీసేశారా! ప్రాచీన ఖగోళవేత్త టాలెమీ నక్షత్రాల పట్టికలో ఆరు తరగతులుగా మొదలైన కొలత అది. 1856లో ఇంగ్లండ్ ఖగోళవేత్త పోగ్సన్ దాన్ని స్థిరపరిచాడు. ఐదు మెట్లు దిగితే కాంతి 100 రెట్లు తగ్గుతుంది, అంటే ఒక్కో మెట్టుకి సుమారు 2.512 రెట్లు. కంటికి సమానంగా అనిపించే మెట్లు నిజానికి సమానమైన రెట్లు అని దాని వల్లే తెలుస్తుంది. అంత మంచి విషయాన్ని పిల్లలకి ఎందుకు దక్కనివ్వరు?

మాస్టారు: సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గే కొలత మేడం అది. కొత్తవాళ్లని తికమక పెట్టడం తప్ప మొదటి కోర్సులో దాని వల్ల ఒరిగేది తక్కువ. సరే, మీరు అంతగా అడుగుతున్నారు కాబట్టి ‘ఐదు మెట్లకి 100 రెట్లు’ అన్న ఒక్క వాక్యం చేరుస్తాను. దానికి లాగరిథమ్ అక్కర్లేదు.

మేడం: ఆ వాక్యమే లాగరిథమ్ మాస్టారూ! పేరు దాచి చెబుతున్నారంతే. పేరుతో చెప్పండి, భయం పోతుంది.

మాస్టారు: పోదు. మొదటి వారంలో ఆ పేరు వింటే రెండో వారం క్లాసుకి రానివాళ్లుంటారు.

మేడం: ఆ భయం గణితాన్ని సరిగా చెప్పకపోవడం వల్ల వచ్చింది. దాచిపెడితే తగ్గదు. మీలాంటివాళ్లు దాచబట్టే మా క్లాసుకి వచ్చేసరికి అది కొండంత అవుతోంది.

మాస్టారు: మీ క్లాసులో పుట్టిన భయాన్ని నా నెత్తిన రుద్దకండి మేడం.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు అసలు విషయం వదిలేశారు. గణితం ఎవరు చెడగొట్టారన్నది ఆ రోజు తేలలేదు. నా ఉద్దేశంలో ఈ ఒక్క విషయంలో మేడం మాటే సరైనది.)

మేడం: సరే, చంద్రుడి దగ్గరికి వద్దాం. ఆకాశం చూడనివాళ్లకి ఖగోళం రాదన్నట్టు రాశారు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో పనిచేసిన హెన్రియెట్టా లెవిట్ ఏం చేసింది? గాజు పలకల మీద తీసిన ఫొటోలు ముందు పెట్టుకొని బల్ల దగ్గర కూర్చుంది. మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ, చిన్న మెగెల్లానిక్ మేఘంలోని 25 నక్షత్రాల వెలుగు ఎలా హెచ్చుతగ్గులవుతోందో కొలిచి, మెల్లగా మారేవి ఎక్కువ కాంతివంతమైనవని 1912లో చెప్పింది. ఆ సూత్రంతో దూరం లెక్కగట్టే ఖగోళవేత్త హబుల్ ఆండ్రోమెడా గెలాక్సీ మన పాలపుంతకి చాలా అవతల ఉందని తేల్చాడు. ఈ రోజు ఖగోళ శాస్త్రవేత్తలు కూడా కంప్యూటర్ ముందే కూర్చుంటారు. మీ పిల్లలు మాత్రం మేడ ఎక్కి మెడలు నొప్పి పుట్టేలా చూడాలా?

మాస్టారు: గట్టి ఉదాహరణే తెచ్చారు. ఆ పలకలు పెరూలోని అరెకీపాలో ఎవరో రాత్రుళ్లు మేలుకొని తీసినవని కూడా చేర్చండి. ఆ పలక దేనికి బొమ్మో లెవిట్‌కి తెలుసు. నా విద్యార్థికి తెలియదు. వాడికి ఆకాశం కూడా పుస్తకంలో ఇంకో పేజీ, అంతే. 1987లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో హార్వర్డ్ స్నాతకోత్సవానికి వచ్చినవాళ్లని ఋతువులు ఎందుకు మారతాయి, చంద్రకళలు ఎందుకు వస్తాయి అని అడిగారు. 23 మందిలో 21 మంది తప్పు చెప్పారు. వాళ్లు చదవక కాదు, పరీక్షలు రాయకా కాదు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుందని ఎన్నిసార్లు చదివినా, ఎండాకాలం దగ్గరితనం వల్లే వస్తుందన్న నమ్మకం కింద అలాగే ఉండిపోతుంది. చంద్రుడి విషయమూ అంతే. ‘తరుగుతున్నాడంటే భూమి నీడ పడుతోంది’ అనుకుంటూనే క్లాసుకి వస్తారు. నేను బొమ్మ గీస్తాను, వాళ్లు పరీక్షలో అదే గీస్తారు, నాలుగు నెలలకి మళ్లీ నీడ దగ్గరికే వస్తారు. ఎందుకంటే బొమ్మ నాది, నీడ వాళ్లది. అదే విద్యార్థి నోట్‌బుక్ పట్టుకొని అమావాస్య తరువాత ఏడో రోజో ఎనిమిదో రోజో సాయంత్రం బయట నిలబడ్డాడనుకోండి. సూర్యుడు పడమట దిగుతున్నాడు. సగం చంద్రుడు పైన ఉన్నాడు. ఒక చెయ్యి సూర్యుడి వైపు, ఇంకో చెయ్యి చంద్రుడి వైపు చాపమంటాను. రెండు చేతుల మధ్యా లంబకోణం వస్తుంది. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగానే పడాలి, అంటే ఆ సమయంలో అది తూర్పు వైపు ఉంది. మరి పైనున్న చంద్రుణ్ణి సగం మింగిందెవరు? నేను ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేదు, ఆ నీడ కథ వాడి చేతుల మధ్యే పడిపోతుంది. మర్నాడు అదే వేళకి చూస్తే చంద్రుడు తూర్పుకి జరిగి ఉంటాడు. చాచిన చేతికి చివర పిడికిలి పది డిగ్రీలు. చంద్రుడు జరిగింది పిడికిలీ, ఇంకొంచెమూ. సుమారు 13 డిగ్రీలు. అందుకే ఉదయించడం రోజూ సగటున 50 నిమిషాలు వెనకపడుతుంది. ఇదంతా పుస్తకంలో రెండు వాక్యాలు మేడం. వాటిని తనే కనిపెట్టినవాడు మర్చిపోడు.

మేడం: చూస్తే అంత మేలే. చూస్తారా అని నా అనుమానం. ఫోన్‌లో యాప్ తెరిస్తే ఏ రోజు ఏ వేళకి చంద్రుడు ఎక్కడున్నాడో డిగ్రీలతో సహా చెబుతుంది. ఆఖరి రాత్రి కూర్చొని 30 రోజులూ నింపేస్తారు.

మాస్టారు: నింపితే తెలిసిపోతుంది. పిడికిలితో కొలిచిన కొలతలో తప్పులుంటాయి. ఒక రోజు రెండు డిగ్రీలు ఎక్కువ, ఒక రోజు మూడు తక్కువ. తప్పే లేని నోట్‌బుక్‌ని నేను నమ్మను. టెలిస్కోపు లేని రోజుల్లో ఆకాశాన్ని కొలిచిన టైకో బ్రాహీ కొలతలకీ తన లెక్కకీ మధ్య 8 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) తేడా వచ్చిందని కెప్లర్ అంగారకుడి దారికి తను కట్టిన నమూనానే పారేశాడు. ఆ తేడా చంద్రబింబం వెడల్పులో పావు వంతు మాత్రమే. టైకో 1601లోనే చనిపోయాడు, వెళ్లి మళ్లీ కొలవమని అడగడానికి లేదు. అయినా ఆ రాత్రి చూసింది చూసినట్టే రాశాడన్న నమ్మకం కెప్లర్‌కి ఉంది. ఆలస్యంగా ఇస్తే తీసుకోనని నేననేది అందుకే. ఆలస్యంగా రాసిన పరిశీలన పరిశీలనే కాదు.

మేడం: ఇక నేను అడిగేదానికి చెప్పండి. రాత్రి పని చేసి చదువుకునేవాళ్లున్నారు. చీకటి పడ్డాక ఒంటరిగా బయట నిలబడలేని అమ్మాయిలున్నారు. వారం రోజులు మబ్బు పట్టే కాలాలున్నాయి. చూపు లేని విద్యార్థి ఈ కోర్సులో చేరితే? ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్ మెర్సెడ్ చూపు పోయాక డేటాని శబ్దంగా మార్చుకొని, విని పరిశోధన చేసింది. మీ నియమం ఆమెని మొదటి కోర్సులోనే ఫెయిల్ చేస్తుంది. చూసిన రాత్రే రాయాలన్న మీ సూత్రం మంచిదే, కానీ నోట్‌బుక్ అప్పగించడం జ్వరం వల్ల రెండు రోజులు ఆలస్యమైతే అందులోని చూపు అబద్ధమైపోతుందా?

మాస్టారు: ... చూపు లేనివాళ్ల సంగతి నాకు తట్టలేదు. తప్పు నాదే. ఇద్దరిద్దరు కలిసి చేయొచ్చని రాస్తాను. ఒకరు కొలుస్తారు, ఇంకొకరు ఆ కొలతలు పట్టుకొని రేపు ఎక్కడుంటాడో ముందే చెబుతారు. పాఠం అందులో ఇంకా ఎక్కువే ఉంది. మబ్బు పట్టిన రోజు ‘మబ్బు’ అని వేళతో సహా రాస్తే అది కూడా పరిశీలనే. మొత్తం 30 రోజుల్లో చంద్రుడు కనిపించినవి 15 ఉంటే చాలు. ఎలాగూ అమావాస్య దగ్గర రెండు మూడు రోజులు ఎవరికీ కనిపించడు. ఇక రాత్రే చూడాలని నేనెక్కడా అనలేదు.

మేడం: పత్రంలో ‘రాత్రి’ అనే ఉంది. మూడు చోట్ల.

మాస్టారు: ఉందా? అయితే తీసేస్తాను. పౌర్ణమి తరువాత వచ్చే సగం చంద్రుడు దాదాపు మధ్యాహ్నం దాకా ఆకాశంలోనే ఉంటాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేవాళ్లకి పొద్దున పడమటి వైపు తెల్లగా కనిపిస్తాడు. అమావాస్య తరువాతి సగం చంద్రుణ్ణి మధ్యాహ్నం దాటాక తూర్పున వెతకొచ్చు. ఒంటరిగా చీకట్లో నిలబడాల్సిన పని లేదు.

మేడం: ఈ మాట నాకు చెప్పి ఏం లాభం? పత్రంలో రాయండి. పగలు చంద్రుడు కనిపిస్తాడని పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మాస్టారు: రాస్తాను. ఏ దశలో, ఏ వేళకి, ఏ దిక్కున చూడాలో కూడా రాస్తాను.

మేడం: మరి జ్వరం వచ్చినవాడి నోట్‌బుక్?

మాస్టారు: ప్రతి రోజు పేజీనీ ఆ రోజే ఫొటో తీసి పంపితే నోట్‌బుక్ ఎప్పుడిచ్చినా ఫరవాలేదు. పంపని రోజు మాత్రం లెక్కలోకి రాదు.

మేడం: ఫోన్ లేనివాడు?

మాస్టారు: దానికి ఇంకా ఏమీ ఆలోచించలేదు.

మేడం: అయితే ఆ నియమం పక్కన నా ఎర్ర గీత అలాగే ఉంచండి.