మా గల్లీ మూలన మోగే స్కూల్ బస్సు హారన్ గారికి

మహారాజశ్రీ హారన్ గారికి,

హనుమకొండ నుంచి ఒక తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మా కుశలం రోజూ పొద్దున ఏడూ ఇరవై దాకానే.

ఆ తర్వాత మీరొస్తారు. అలారం మోగితే లేవని పిల్ల, నేను అరిస్తే అటు తిరిగి పడుకునే పిల్ల, మీరు గల్లీ మూలన ఒక్కసారి "పాం" అనగానే బుగ్గలో సగం ఇడ్లీ, చేతిలో ఒక సాక్సు, రెండు జడల్లో ఒకటే వేసి ఉరుకుడే. వెనక నుంచి వాళ్లమ్మ "ఉరుకు బిడ్డా, బస్సు పోతది!" రోడ్డు మీద ఉరకొద్దని రాత్రి చెప్పింది కూడా ఆమెనే. ఏం చేస్తాం, మా ఇంట్లో మీ మాటే చెల్లుతుంది.

బస్సు తలుపు ఎడమ వైపు, మా ఇల్లు కుడి వైపు. అంటే మూడో తరగతి బుడ్డది రోజూ మీ ముక్కు కిందనుంచే దాటుతుంది. ఒకసారి డ్రైవర్ అన్నను అడిగి ఆ సీట్లో కూర్చుని చూశాను. బంపర్‌కు ఆనుకుని నిలబడ్డ పిల్ల జడ రిబ్బన్ కూడా కనపడలేదు. అందుకే బస్సుకు పదడుగుల ముందు నుంచి, డ్రైవర్ మొహం మనకు కనపడేలా దాటాలంటారు. మీరు మోగాక అడుగులు లెక్కపెట్టే తీరిక ఎవరికుంది?

జూన్‌లో బడి తెరిచే ముందు ఫిట్‌నెస్ కోసం బ్రేకులు, ఎమర్జెన్సీ డోరు, మంటలార్పే సిలిండర్ అన్నీ చూస్తారు. మీరు మోగుతున్నారా లేదా అని కూడా. ఎందుకు మోగుతున్నారని మాత్రం ఎవరూ అడగరు. బస్సుకు స్పీడ్ గవర్నర్ ఉంది, మీకు లేదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని గేటులో స్కూల్ బస్సును రైలు గుద్దింది. మా పెద్దోడు అప్పుడు యూకేజీ. "పోతే పోనీ బస్సు, నేను దింపొస్తా" అన్నాను. మీ మాట చెల్లని రోజులవి. ఒక్క వారం.

పోయిన మంగళవారం సాయంత్రం పిల్ల దిగాక వాటర్ బాటిల్ మూత జారి వెనక చక్రం దగ్గరికి దొర్లింది. ఇది వంగింది. డ్రైవర్ అన్నకు అద్దంలో ఎవరూ కనపడలేదేమో, గేరు పడింది. పొద్దున గల్లీ మొత్తాన్ని లేపే మీరు అప్పుడు కిక్కురుమనలేదు. బస్సులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయమ్మ రేకు మీద చేత్తో దబదబా రెండు దెబ్బలేసి "ఆపన్నా, ఆపు!" అని అరిచింది. బస్సాగింది. ఆ రాత్రి, కింద పడ్డది బంగారమైనా సరే ఆయమ్మకు చెప్పాలి తప్ప వంగొద్దని పిల్లతో ఒట్టు వేయించుకున్నాం.

మర్నాడు ఏడూ పదికే రోడ్డు దాటి, తలుపు వచ్చే వైపు నిలబడ్డాం, రెండు జడలతో. మేం కళ్లెదురుగానే ఉన్నా మీరు మోగారు. పిల్ల కదల్లేదు. బస్సు పూర్తిగా ఆగి, ఆయమ్మ దిగి చెయ్యి పట్టుకునేదాకా అట్లే నిలబడింది.

రెండడుగులు ఉరికింది నేను.

ఇట్లు,
టిఫిన్ డబ్బా మోసే తండ్రి