పైన పటారం, లోన పిండికట్టు

ఎవరైనా కాస్త ముస్తాబైతే చాలు, 'పైన పటారం, లోన లొటారం' అనేస్తాం. పిల్లలు మారాం చేస్తే 'వేషాలెయ్యకు' అంటాం. వేషమంటేనే అబద్ధమని మన నుడికారం ఎప్పుడో తేల్చేసింది. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో బట్టలు చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది.

ఆరేళ్లప్పుడు పోలియో సోకి ఆమె కుడికాలు సన్నబడింది. 1925 సెప్టెంబరులో ఆమె ఎక్కిన బస్సును ట్రామ్ ఢీకొట్టడంతో వెన్నెముక విరిగింది. ఆ తర్వాత బతుకంతా ఆపరేషన్లు, నడుము నిలబెట్టే తోలు పట్టీలు, ఉక్కు పట్టీలు, పిండికట్లు. ఆమె ఎంచుకున్నది తెహువాంతెపెక్ ప్రాంతపు జపోటెక్ ఆడవాళ్ల కట్టు. నేలను తాకే పరికిణీ కాలిని కప్పేది. గుండీలు లేని, నలుచదరంగా కుట్టిన వదులు రవిక పిండికట్టు మీద కూడా సులువుగా దిగేది. తలలో పూలు, పెద్ద జూకాలు చూసేవాళ్ల కళ్లను మొహం దగ్గరే ఆపేసేవి. దర్జీ పని తెలిసినవాళ్లకు ఇందులో ఎంత లెక్క ఉందో ఇట్టే అర్థమవుతుంది.

అయితే ఆ కట్టు ఆమె ఊరిది కాదు. పుట్టి పెరిగింది మెక్సికో నగరం పక్కనున్న కొయొకాన్‌లో. తండ్రి జర్మనీ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్. పుట్టింది 1907లో అయినా, మెక్సికో విప్లవం మొదలైన 1910నే తన పుట్టిన ఏడుగా చెప్పుకునేది. అంటే ఏడాదినీ తనే ఎంచుకుంది, కట్టును ఎంచుకున్నట్టు. తండా గడప తొక్కనివాళ్లు వేడుకకని లంబాడీ అద్దాల పరికిణీ వేసుకుంటే నాకు కలిగే ఇబ్బంది ఇక్కడా కలుగుతుంది. కాకపోతే ఆమెకది ఒక్క పూట ముచ్చట కాదు. మంచాన పడ్డ రోజుల్లోనూ సింగారించుకునేది. భర్త దియెగో రివేరాతో 1939లో విడాకులయ్యాక, మరుసటి ఏడు తన బొమ్మ తనే వేసుకుంది: జుట్టు కత్తిరించి, మగవాళ్ల సూటు తొడిగి. కట్టు మార్చడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు.

నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం ఆ పిండికట్లే. డాక్టర్లు బిగించినవి, ఆమె అడగనివి. వాటి మీద రంగులతో సుత్తీ కొడవలి వేసింది, కడుపులో నిలవని బిడ్డను వేసింది. రవిక కింద ఎవరికీ కనపడని చోట అంత బొమ్మ ఎందుకు? ఊరి మెప్పు కోసమైతే పైన పూలు చాలు.

1954లో ఆమె పోయాక దియెగో ఆమె సామాన్లను ఓ గదిలో పెట్టి మూయించాడు. 2004లో ఆ గది తెరిస్తే బట్టలతో పాటు ఆమె తనను తాను గీసుకున్న ఓ బొమ్మ దొరికింది. అందులో పరికిణీ గాజులా పారదర్శకం. లోపల నడుముకు పట్టీ, కాలి మీద సీతాకోకచిలుకలు. కింద ఆమే రాసుకుంది, పైకి కనిపించేది మోసం చేస్తుందని. మన సామెతే. కానీ ఆమె లోపలున్నదాన్ని లొటారం అనలేదు, దానికీ రంగులద్దింది.

2018లో ఆమె పేరుతో బార్బీ బొమ్మ వచ్చింది. పూలున్నాయి, పొడవు గౌను ఉంది. ఆమె తన బొమ్మల్లో పట్టుబట్టి నల్లగా దిద్దుకున్న కలిసిన కనుబొమలను మాత్రం పలచన చేసేశారు. బంధువులు కోర్టుకెక్కారు.