గుంత అంచున బండలు పాతండి, చాలు

ఆదివారం పొద్దున కడప నుంచి ఎర్రగుంట్ల వైపు వెళ్లి, మూతపడిన ఒక నాపరాళ్ల గని చూసి వచ్చాను. ఫొటోలు పెట్టినప్పటి నుంచి ఎక్కడో చెప్పమని ఒకటే అడుగుతున్నారు. చెప్పను.

మా మేనమామ తోడు వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు అక్కడే బండలు తీసిన మనిషి. గని గోడ ఓళిగలు దొంతర పెట్టినట్టు పొర మీద పొరగా ఉంటుంది. పొరల సందులో గునపం దించి లేపితే బండ ఊడి వచ్చేదట. ఒక ముక్కను రాయితో తట్టి వినిపించాడు. ఖంగుమంటే మంచి బండ, బొదబొదమంటే లోపల పగులు ఉన్నట్టు. నాపరాయి కూడా సున్నపురాయే; భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి రాయికి జమ్మలమడుగు వైపున్న నర్జి ఊరి పేరే పెట్టారు. మామ బండలు తీసిన రోజుల తర్వాత ఇళ్లలోకి టైల్స్ వచ్చాయి, గనిలో ఊట పెరిగింది. నీళ్లు తోడే డీజిలు ఖర్చు కూడా గిట్టక వదిలేసి పోయారట.

గని వెనక నుంచి వంక పారుతుంది. రెండు గట్లా కానుగ చెట్లు కమ్ముకున్నాయి. కార్తీకం వానలకు నీళ్లు మడమ లోతున ఉన్నాయి. అడుగంతా నాపబండే, కడిగిన అరుగులా ఉంది. చెప్పులు చేత పట్టుకుని నడిచాం. ఆగితే చేపపిల్లలు కాలివేళ్లను పొడుస్తాయి. ఒక లకుముకి పిట్ట మాకంటే నాలుగు చెట్లు ముందే ఎగురుతూ పోయింది. గంట నడకలో మామ పది మాటలు కూడా మాట్లాడలేదు. ఆయన్ను ఎరిగినవాళ్లకు ఇది ఎంత వింతో తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడే ఒళ్లు మండింది. దారి మలుపు తిరగ్గానే గని గుంత. కంచె లేదు, హెచ్చరిక పలక లేదు. కింద నీళ్లు పచ్చగా, నిలకడగా, ఈతకు రమ్మన్నట్టు ఉన్నాయి. గోడ నిలువునా కోసినట్టుంది కనుక దిగినవాడికి పట్టు దొరకదు. మామ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

1952 నాటి గనుల చట్టం 6 మీటర్ల లోతు దాటని, పేలుడు మందు వాడని చిన్న క్వారీలను చాలావరకు వదిలేసేది. ఇది ఆ లెక్కలోకి రాదు. తూటాల కోసం తొలిచిన రంధ్రాలు గోడలో ఇంకా కనిపిస్తున్నాయి. గని వదిలి వెళ్లేముందు యజమాని పక్కా కంచె వేసి పోవాలని 1961 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆయన వేయలేదు, వేయించాల్సినవాళ్లు అడగలేదు.

మన సీమలో పొలానికీ పెరటికీ దొడ్డికీ నాపబండలే నిలువునా పాతి ప్రహరీ చేసుకుంటాం. ఊరందరికీ కంచె ఇచ్చిన గుంతకు కంచె లేదు! పోనీ రాయి కరువా అంటే, పనికిరావని పడేసిన బండలు పక్కనే తాటిచెట్టు ఎత్తున గుట్టపడి ఉన్నాయి. గనుల ప్రభావం ఉన్న ఊళ్ల కోసం 2015 చట్ట సవరణతో గనులున్న జిల్లాలకు ఖనిజ నిధి ఏర్పాటైంది. నాలుగు రోజుల కూలి అందులోంచి ఇవ్వలేరా?

ఇంతకీ ఫొటోల కింద వచ్చిన సలహాలు చూశారా? పడవలు తిప్పాలట, సెల్ఫీ పాయింటు కట్టాలట. వంక గట్టుకు సిమెంటు పూస్తే ఆ లకుముకి పిట్ట ఏం చేసుకోవాలి? మీ పడవలు వద్దు. ఆ గుట్టలోని బండలు తెచ్చి అంచున పాతించండి. పాతిన మర్నాడు దారి నేనే రాస్తాను, ఏ మలుపులో చెప్పులు విప్పాలో కూడా.