జీబ్రా గీతల దగ్గర ఒక కారు ఆగింది సరే, మరి పక్క లేన్‌లో వచ్చే కారు సంగతేంటి?

మొన్నొక సాయంత్రం రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నా. పక్కన చేతిసంచీతో ఒక పెద్దాయన. మా వైపు లేన్‌లో వస్తున్న కారు ఆగింది, డ్రైవర్ లోపల్నించే చెయ్యి ఊపాడు, వెళ్లండి వెళ్లండి అన్నట్టు. పెద్దాయన ఆ చేతిని నమ్మేసి గబగబా అడుగేశాడు, ఆగిన కారు ముందు నుంచి ఇంకొక్క అడుగు వేసుంటే ఏమయ్యేదో, రెండో లేన్‌లో ఇంకో కారు అసలు స్పీడు తగ్గించకుండా దూసుకెళ్లిపోయింది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగా. ఆయన కాసేపు ఊపిరి తీసుకుని అన్న మాట, "నేనే చూసుకోవాల్సింది బాబూ" అని. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే అక్కడ మొదటి తప్పు ఆయనది కాదు, ఆ విషయం ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు.

యాక్సిడెంట్ అనగానే తప్పు నడిచేవాడిదా నడిపేవాడిదా అని వాదించుకుంటాం, ఏదో ఒకరిదే అయ్యుండాలి అన్నట్టు. చట్టం అలా చూడదు. ఇద్దరికీ బాధ్యత పెడుతుంది, కానీ ఒకేచోట పెట్టదు. 1968 నాటి వియన్నా రోడ్ ట్రాఫిక్ ఒప్పందం చాలా దేశాల రూల్స్‌కి పునాది, అందులో సిగ్నల్ లేని క్రాసింగ్ గురించి డ్రైవర్‌కి చెప్పిందేంటంటే, దాటుతున్నవాళ్లకే కాదు, దాటబోతున్నవాళ్లకి కూడా ప్రమాదం లేనంత నెమ్మదిగా క్రాసింగ్ దగ్గరికి రావాలి, అవసరమైతే ఆగాలి. నడిచేవాళ్లకి చెప్పింది, వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో ఉంది చూసుకోకుండా రోడ్డు మీదికి దిగొద్దు, దిగాక ఊరికే మధ్యలో నిలబడొద్దు అని. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డ్రైవర్ డ్యూటీ మనిషి అడుగు వెయ్యకముందే, గీతలకి ఎంతో దూరంలోనే మొదలైపోతుంది. "సడన్‌గా వచ్చాడు సార్, కనపడలేదు" అనే మాట చాలాసార్లు నిలబడనిది అందుకే, కనపడకపోతే స్పీడు తగ్గించాల్సిన చోటే కదా అది.

అదే ఒప్పందంలో ఇంకో రూల్ ఉంది, నా లెక్కలో క్రాసింగ్‌కి సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైనది, డ్రైవింగ్ నేర్పేవాళ్లు పైపైన చెప్పి వదిలేసేది. క్రాసింగ్ ముందు ఒక బండి ఆగి ఉంటే, మనిషి కనపడ్డ వెంటనే ఆగిపోగలిగేంత నెమ్మదిగా తప్ప దాన్ని దాటి వెళ్లకూడదు. చాలా దేశాల చట్టాల్లో ఇది ఇంకా గట్టిగా ఉంది, అసలు దాటొద్దనే. ఆగిన కారు ఒక గోడ లాంటిది, దాని వెనక మనిషి ఉన్నాడో లేదో పక్క లేన్ డ్రైవర్‌కి తెలీదు, ఆ మనిషికీ ఈ కారు కనపడదు.

బ్రిటన్ హైవే కోడ్‌లో, అంటే అక్కడి రోడ్డు రూల్స్ పుస్తకంలో, ఆగే దూరాల పట్టిక ఉంటుంది. గంటకి 48 కిలోమీటర్ల స్పీడులో ఉన్న కారు ఆగడానికి 23 మీటర్లు కావాలి, అందులో 9 మీటర్లు డ్రైవర్ తేరుకుని బ్రేక్ తొక్కేలోపే అయిపోతాయి. 64 కిలోమీటర్లైతే 36 మీటర్లు, తేరుకునేలోపు పోయేది 12. ఇప్పుడు రెండు కార్లు పక్కపక్కన వస్తున్నాయి, మొదటిది 48లో, రెండోది 64లో, ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో మనిషిని చూశారు అనుకుందాం. ఆ పట్టిక అంకెలే తీసుకుని నేను లెక్కేశా, మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండోది ఇంకా దాదాపు 47 కిలోమీటర్ల స్పీడులో ఉంటుంది. బ్రేక్ తొక్కుతూ కూడా. స్పీడు లిమిట్ కన్నా ఒక పదిహేను ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు అనిపిస్తుంది నాకు.

ఇంతకీ క్రాసింగ్ అంటే ఏది? గీతలుంటేనే క్రాసింగ్ అనుకుంటాం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రెండు రోడ్లు కలిసే చోట గీతలు గియ్యకపోయినా చట్టం దృష్టిలో అక్కడ క్రాసింగ్ ఉన్నట్టే. బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ మార్చి, జంక్షన్‌లో దాటడానికి ఎదురుచూస్తున్నవాళ్లకి కూడా తిరుగుతున్న బండి దారివ్వాలన్నారు. పాటించకపోతే నేరుగా కేసు కాదు గానీ, కోర్టులో తప్పెవరిదో తేల్చేటప్పుడు దాన్ని చూపించొచ్చు.

సిగ్నల్ ఉన్నచోట గొడవ వేరే. తిరిగే బండికీ, దాటే మనిషికీ ఒకేసారి గ్రీన్ పడే జంక్షన్లు బోలెడు. నాకు గ్రీన్ కదా అని డ్రైవర్ తిప్పేస్తాడు, నాకూ గ్రీనే కదా అని మనిషి నడుస్తాడు, అక్కడ ఆగాల్సింది తిరిగేవాడే. అలాగే మెరిసే మనిషి బొమ్మో, ఎర్ర చెయ్యో వచ్చినప్పుడు చాలామంది పరిగెత్తి దిగుతారు, అది "త్వరగా రా" అని కాదు, కొత్తగా ఎవరూ దిగొద్దు, దిగినవాళ్లు పూర్తిచెయ్యండి అని. అమెరికాలో ఆ టైమ్‌ని సాధారణంగా సెకనుకి 3.5 అడుగుల నడక లెక్కన పెడతారు. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ ఆ లెక్కలో ఇమడదు, సగంలో ఉండగానే బండ్లకి గ్రీన్ వచ్చేస్తుంది. అప్పుడు హారన్ కొట్టడం కాదు, ఆవిడ దాటేదాకా ఆగడమే డ్రైవర్ పని, రూల్ కూడా అదే.

నడిచేవాళ్ల తప్పే ఉండదని నేననట్లేదు. బండి ఆగలేనంత దగ్గరికి వచ్చేశాక దాని ముందుకి దిగితే గీతల మీదున్నా రక్షణ ఉండదు, ఆ మాట చట్టాల్లో స్పష్టంగానే ఉంది. ఫోన్ చూస్తూ దాటడం గురించైతే అమెరికాలోని హొనొలులు నగరంలో 2017లో ఏకంగా ఫైనే పెట్టారు. దానికి ఎదురుగా కాలిఫోర్నియా 2023 నుంచి, ఢీకొట్టే ప్రమాదం అప్పటికప్పుడు లేనప్పుడు గీతలు లేనిచోట దాటినా ఫైన్ వెయ్యడం ఆపేసింది. కానీ ఫైన్ పోయింది గానీ జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత పోలేదు, ఈ తేడా చాలామంది పట్టించుకోరు.

అసలు బాధ పరిహారం దగ్గర బయటపడుతుంది. అమెరికాలో అలబామా, మేరీల్యాండ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో దెబ్బతిన్నవాడి తప్పు కొంచెం ఉన్నా పరిహారం మొత్తం పోయే పాత సూత్రం ఇంకా నడుస్తోంది. ఫ్రాన్స్‌లో 1985 చట్టం వచ్చాక 16 ఏళ్ల లోపు పిల్లలకీ, 70 దాటినవాళ్లకీ, కావాలని బండి కింద పడితే తప్ప, ఒంటికి తగిలిన దెబ్బలకి పరిహారం ఇవ్వాల్సిందే. నెదర్లాండ్స్‌లో 14 ఏళ్ల లోపు పిల్లాడు అడ్డంగా పరిగెత్తినా దాదాపు ఎప్పుడూ మొత్తం భారం బండిదే, పెద్దవాళ్లకి కూడా మామూలుగా కనీసం సగం వస్తుంది. డ్రైవర్‌కి అన్యాయం కదా అంటారు. నాకు అలా అనిపించదు. పొరపాటు ఇద్దరూ చెయ్యొచ్చు, కానీ టన్ను బరువుని రోడ్డు మీదికి తెచ్చింది ఒక్కడే, ఇన్సూరెన్స్ ఉన్నది కూడా అతనికే, ఆస్పత్రి పాలయ్యేది రెండోవాడు.

ఆ సాయంత్రం ఆగిన డ్రైవర్ మంచివాడే, కానీ బండిని సరిగ్గా గీతల మీదికి తెచ్చి ఆపాడు. అమెరికా రోడ్ సైన్ల మాన్యువల్‌లో, సిగ్నల్ లేకుండా రెండు మూడు లేన్లున్న క్రాసింగ్‌లకి, బండి ఆగాల్సిన గీతని క్రాసింగ్‌కి 20 నుంచి 50 అడుగులు వెనక్కి గియ్యమని ఉంటుంది. అంత వెనక ఆపుంటే పెద్దాయనకి రెండో కారు కనపడేది, ఆ కారువాడికి పెద్దాయన కనపడేవాడు, ఊపిన చెయ్యి ఆయనకి అవసరమే ఉండేది కాదు.