ప్రాచీనత ఉత్పత్తి గురించి కొన్ని సవినయ సూచనలు

హైదరాబాదు పాత కట్టడాల విషయంలో మన ప్రభుత్వాలు, బిల్డర్లు, దుకాణదారులు కలిసికట్టుగా సాధించిన ప్రగతిని ఇంతవరకు ఏ ఆర్కిటెక్చర్ కళాశాలా పాఠ్యాంశంగా చేర్చకపోవడం విచారకరం. పాత కట్టడాన్ని ఎలా కాపాడాలి, దాని పక్కన కొత్తది ఎలా కట్టాలి అని ప్రపంచమంతా తలలు పట్టుకు కూర్చుంటే, మనం ఆ రెండు చిక్కులనూ ఒక్క దెబ్బతో విప్పేశాం. పాతదాన్ని కూల్చి, ఆ జాగాలోనే కొత్తదాన్ని పాతదానిలా కడుతున్నాం.

ఈ సౌలభ్యం తెలియక 1964లో వెనిస్‌లో సమావేశమైన పాత కట్టడాల పరిరక్షణ నిపుణులు పెద్ద ప్రకటనే రాసుకున్నారు. ఊహాగానం మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలట. తప్పనిసరై కొత్తగా ఏదైనా చేర్చవలసివస్తే, అది పాతదానిలా నటించకుండా తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలట. ఇటువంటి పట్టింపుల వల్లనే కాబోలు, పారిస్‌లో ఒకప్పటి రాజమహలు, ఇప్పటి మ్యూజియం అయిన లూవ్ర్ ప్రాంగణం నడిబొడ్డున ఐ.ఎం. పే అనే వాస్తుశిల్పి గాజు పిరమిడ్ నిలబెట్టాడు. 1989లో అది తెరుచుకునే నాటికి ఆయన తినని తిట్టు లేదు. అదే పని మనకు అప్పగించి ఉంటే ఒక్క మాట పడకుండా, రాజమహలు కన్నా పాతగా కనిపించే ముఖద్వారం కట్టి, దానికి నాలుగు గుమ్మటాలు, గుమ్మటాలకు రంగులు మారే దీపాలు పెట్టి ఇచ్చేవాళ్లం.

అతిశయోక్తి అనుకునేవారు హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు వెళ్లి చూడవచ్చు. అక్కడి పాత సచివాలయ ప్రాంగణంలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది. దారిలో ఉడుము అడ్డొచ్చిందని నిజాం ఆ మహల్లో కాపురమే పెట్టలేదని ఒక కథ చెబుతారు. 2020 జూలైలో జేసీబీలు వెళ్లినప్పుడు మాత్రం ఏ ఉడుమూ అడ్డురాలేదు. ఆ స్థలంలో 265 అడుగుల ఎత్తున, గుమ్మటాలతో, రాజసంతో లేచిన కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. రాజుల నాటి భవనాన్ని తీసేసి రాజుల నాటి భవనంలా కనిపించే భవనాన్ని కట్టడంలోని తాత్వికత గిట్టనివాళ్లకు బోధపడదు. సైఫాబాద్ ప్యాలెస్‌కు ఉన్న ప్రధాన లోపం, అది నిజంగానే పాతది కావడం.

ఇర్రం మంజిల్ దగ్గర ఈ సిద్ధాంతానికి చిన్న ఎదురుదెబ్బ తగిలింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న ఆ మహలును తీసేసి కొత్త శాసనసభ కడదామని 2019లో శంకుస్థాపన కూడా చేస్తే, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కూల్చడానికి సిద్ధపడ్డ కట్టడం నిలబడిపోయి, కూల్చాలన్న నిర్ణయం కూలిపోవడం ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే పెద్ద వైఫల్యమే. చట్టాల విషయంలో మాత్రం మన పద్ధతి సక్రమంగానే నడిచింది. నగరంలోని వారసత్వ కట్టడాలకు కాపలాగా ఉన్న, నగరాభివృద్ధి నియమావళిలోని 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించి, 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చాం. మధ్యలోని ఖాళీని పునాది గుంతగా భావించాలి.

ఇక పత్తర్‌గట్టీ. ఈ వీధి గురించి ఎంత చెప్పినా తక్కువే. 1908లో మూసీ ముంచేసిన తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వారు ఇక్కడ రోడ్డుకు రెండు పక్కలా ఒకే తీరున రాతి కమానులు కట్టించి, కింద దుకాణాలు, ముందు నీడపట్టున నడిచే వరండా ఏర్పాటు చేశారు. పాపం, వాళ్లు వదిలేసిన కొరతలను తర్వాతి తరాలు ఓపికగా పూరించాయి. కమాను వంపు మీద ఏసీపీ అనే అల్యూమినియం తొడుగు షీటు, షీటు మీద ఫ్లెక్సీ, ఫ్లెక్సీ పక్కన ఏసీ డబ్బా, డబ్బా నుంచి కారే నీటికి రాయి మీద ఒక చార, వీటన్నిటినీ కలుపుతూ కేబుల్ తీగల తోరణం. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. కొత్తది పాతదానిలో కలిసిపోకూడదు, తన కాలపు ముద్ర వేసుకోవాలి అన్న వెనిస్ నియమాన్ని నగరం మొత్తం మీద నిజాయితీగా పాటిస్తున్నది ఈ దుకాణదారులే. మెరిసే ఎర్ర షీటును చూసి నిజాం కాలపు రాయి అని ఎవరూ పొరబడరు. పైగా ఆ ముద్ర మీద ఫోను నంబరు కూడా ఉంటుంది.

సిమెంటు సేవను కూడా స్మరించుకోవాలి. పాత గోడలకు డంగు సున్నమే పూయాలని, సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుందని, సిమెంటు దాన్ని లోపలే బిగించేసి పెచ్చులు ఊడదీస్తుందని నిపుణులు మొత్తుకుంటారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వారు 2013 నుంచి ఏళ్ల తరబడి, మనవాళ్లు అంతకుముందు శ్రద్ధగా పూసిన సిమెంటును అంతే శ్రద్ధగా గీకించి మళ్లీ సున్నం పూయించారు. ఆర్థికశాస్త్రం చదవని మనుషులు. సిమెంటు పూస్తేనే గదా పెచ్చులు ఊడేది, పెచ్చులు ఊడితేనే గదా మరో టెండరు పిలవగలిగేది.

మొజంజాహీ మార్కెట్టు ఉదంతం మరీ నిరాశాజనకం. 1935 నాటి ఆ రాతి మార్కెట్టును బాగుచేసి 2020 ఆగస్టులో తెరిచారు. వెళ్లి చూస్తే ఏముంది, అది మొజంజాహీ మార్కెట్టులాగే ఉంది! ఖర్చు పెట్టినట్టు ఒక్క గుర్తయినా కనిపించకపోతే ప్రారంభోత్సవానికి వచ్చినవారు దేని ముందు నిలబడి ఫొటో దిగాలి?

అందువల్ల ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఇకపై భవన అనుమతి దరఖాస్తులో ఎన్ని అంతస్తులు అన్న గడి పక్కనే ఏ శతాబ్దపు ఎలివేషన్ కావాలి అన్న గడి కూడా చేర్చాలి. పదహారో శతాబ్దానికి ఎక్కువ ఫీజు, ఆసఫ్‌జాహీకి మధ్యస్థం, ఈ కాలపు ఇల్లు ఈ కాలంలాగే ఉండాలని పట్టుబట్టే మొండివారికి జరిమానా విధించవచ్చు. ఒక్క ఇబ్బంది మాత్రం ముందే ఊహించాలి. ఇప్పుడు కడుతున్న గుమ్మటాలు కూడా నూరేళ్లు నిలిస్తే నిజంగానే పాతబడతాయి. కనుక వాటి కూల్చివేత ఖర్చును అనుమతి ఇచ్చేటప్పుడే డిపాజిట్టుగా కట్టించుకోవడం మంచిది.